ఆకాశరామన్నకు ఎర్ర చుక్కలు

పోయిన వారం మనం మహేందర్‌ను సదాశివనగర్‌లో పోస్టు డబ్బా ముందు నిలబెట్టి వచ్చేశాం. కవరు సగం డబ్బా నోట్లో, సగం ఆయన చేతిలో. వేద్దామా వద్దా అని ఆయన ఊగుతుండగానే నాకిచ్చిన పేజీలు అయిపోయాయి. ఏడు రోజులు మనిషిని ఎండలో నిలబెడతావా అని మీలో కొందరు నన్ను తిట్టారు కూడా. తిట్లు ముట్టాయి. ఆయన కవరు వదిలేశాడు. అది డబ్బా అడుగున టప్పుమన్నాక, కృష్ణబిలంలో, అదే బ్లాక్ హోల్‌లో, పడ్డది మళ్లీ తిరిగి రాదని పద్దెనిమిదేళ్లుగా తాను పిల్లలకు చెబుతున్న పాఠం గుర్తొచ్చి ఆయనకు చెమటలు పోశాయి.

ఈ వారమే మన బండి ఎక్కినవాళ్ల కోసం రెండు ముక్కలు. మహేందర్ కామారెడ్డిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. చుట్టుపక్కల ఏ బళ్లో సైన్సు పండుగ జరిగినా దుప్పటీ, ఇనుప గుండూ, గుప్పెడు శనగలూ పట్టుకుని వెళ్లేది ఆయనే. నలుగురు పిల్లలతో దుప్పటి నాలుగు కొసలూ పట్టించి, నడుమ గుండు వేసి, శనగలు విసిరితే అన్నీ గుండు దగ్గరికే దొర్లేవి. "ఇదే కృష్ణబిలం!" అనేవాడు. చప్పట్లు మోగేవి. బిలానికి ఉన్న బలం మొత్తం తనదే అన్నట్టు మీసం సవరించుకునేవాడు.

ఆయన భార్య పద్మప్రియ ఎల్లారెడ్డిలో ఆడపిల్లల బడిలో తెలుగు టీచరు. రోజూ కామారెడ్డి నుంచి బస్సులో వెళ్లి వస్తుంది. కొత్త టెలిస్కోపు పంపిన బొమ్మలు ఫోన్లలో చూసి పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంటే, తెలియదనడం చేతకాక, బస్సులో కూర్చుని చదివి, బడి గోడపత్రికలో భారీ కృష్ణబిలాల గురించి రాయడం మొదలుపెట్టింది. ఆ రాతలు ఒక వారపత్రికలో పడ్డాయి. అవి చదివి హైదరాబాద్‌లో పిల్లల పుస్తకాలు వేసే సంస్థ సంపాదకురాలు లిదియా ఫోన్ చేసింది. "మేడం, భారీ కృష్ణబిలాల మీద, వాటికి ఆతిథ్యమిచ్చే గెలాక్సీల మీద మాకో పుస్తకం కావాలి."

అదే విషయం మీద ఆరేళ్ల కింద మహేందర్ రాసి పంపిన పుస్తకాన్ని అదే సంస్థ "భాష కొరుకుడు పడటం లేదు" అని తిప్పి పంపింది. ఆయన ఆ కాగితాలను బీరువా పైన పెట్టాడు. మనసులోంచి దించలేకపోయాడు.

లిదియా ఫోన్ వచ్చిన రోజు నుంచి భార్య గెలాక్సీ, తాను ఓడాక్సీ. పద్మ అందరికీ ప్రియమైంది, ఆయనకు మాత్రం మరీ ప్రియమై అందకుండా పోయింది. కూరగాయల మార్కెట్లో ఎవరో "గీన పద్మప్రియ మేడం ఇంటాయన" అని చూపించినప్పుడు పేరులోని 'మహా' ఊడిపోయి మహేందర్ కాస్తా ఉత్త 'ఏందిర' అయిపోయాడు. కృష్ణబిలం తాను వెలగదు. దాని చుట్టూ తిరిగే వాయువు రాపిడికి కాగి, కాలి, వెలుగుతుంది. మనవాడి ఏర్పాటు అందుకు తలకిందులు. పైకి చల్లగా నవ్వుతాడు, మంటంతా కడుపులో.

ఆ మంటలోంచి పుట్టిందే, భార్య రాతల్లో తప్పుందంటూ లిదియా సంస్థకు రాసి డబ్బాలో వేసిన కవరు. పేరు లేని ఉత్తరాన్ని మనం ఆకాశరామన్న ఉత్తరం అంటాం. ఆకాశం గురించే ఆకాశరామన్న రాయడం బహుశా ఇదే మొదలు. ఈమెయిల్ పంపితే 'ఈ మెయిల్ ఎవరిది' అని పట్టేస్తారని, కాగితం మీద, అదీ ఎడమ చేత్తో రాశాడు. కామారెడ్డిలో వేస్తే కవరు మీద ఆ ఊరి ముద్ర పడుతుందని సదాశివనగర్ దాకా పోయాడు. లెక్చరర్ పేరు బయటపడితే ఉత్తరం పోస్టు చేసినందుకు ఉన్న పోస్టు ఊడుతుందేమోనన్న భయం ఒకటి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాడు. ఇక ఎవరు పట్టుకుంటారు?

పది రోజులు గడిచాయి. ఏ కబురూ లేదు. శనివారం లిదియా ఎల్లారెడ్డి బడికి వస్తోంది. పద్మప్రియ పాఠం విని, పిల్లలతో మాట్లాడి, పుస్తకం సంగతి అక్కడే తేల్చేస్తుందట.

శనివారం పొద్దున పద్మప్రియ టిఫిన్ డబ్బా సర్దుతూ అంది.

"నువ్వు గూడ రారాదు. బస్సెందుకు, బండి మీద పోదాం."

మహేందర్‌కు ఒక కన్నులో సంతోషం, ఇంకో కన్నులో అనుమానం. "నేనెందుకు? నీ ప్రోగ్రాం గదా."

"ఇంటాయనవు గదా."

ఆ మాట మళ్లీ! ఆయన హెల్మెట్ పెట్టుకున్నాడు. మొహం దాచుకోవడానికి చట్టం ఒప్పుకున్న సాధనం అదొక్కటే.

తాడ్వాయి దాటే వరకు ఇద్దరూ మాట్లాడలేదు. లింగంపేటలో సాలవ్వ చాయ్ హోటల్ ముందు పద్మప్రియ భుజం మీద తట్టింది. "జర ఆపు. చాయ్ తాగుదాం."

సాలవ్వ రెండు గ్లాసులు తెచ్చి పెట్టింది. పద్మప్రియ సంచీలోంచి నాలుగు మడతల కాగితం తీసి గ్లాసు పక్కన పరిచింది.

"గిది చూడు."

మహేందర్ చూశాడు. వంకర టింకర అక్షరాలు ఆయన్ను చూసి నవ్వాయి. తన ఉత్తరమే. కాకపోతే దాని మీద అక్కడక్కడ ఎర్ర సిరా చుక్కలు.

"ఎవరో నా మీద రాసిండ్రట. లిదియా మేడం ఫోటో దీసి పంపింది. నేను ప్రింటు దీసుకొని దిద్దిన. అలవాటు గదా, తప్పు కనవడితే చెయ్యి ఊకోదు."

"ఎ... ఎవడో ఓర్వలేనోడు రాసి ఉంటడు."

"అవ్, ఓర్వలేనోడే. పాపం ఎడమ చేత్తోని రాసిండు. అక్షరాలన్నీ కల్లు కాంపౌండ్ నుంచి వస్తున్నట్టున్నయి. కానీ తప్పు మాత్రం కుడి చేతిదే."

"ఏం తప్పు?"

ఆమె వేలు పెట్టి చూపించింది. 'ఆతిధేయ గెలాక్సీ' అని రాసి ఉంది. ఆ 'ధ' పొట్టలో ఒక చిన్న ఎర్ర చుక్క పెట్టి ఆమె 'థ' చేసింది. ఆ కింద మళ్లీ 'ఆతిధేయ'. మళ్లీ చుక్క. 'అతిధిగా వచ్చిన బిలము'. ఇంకో చుక్క. ఒక్క పేజీలో ఏడు చోట్ల ఏడు చిన్న ఎర్ర చుక్కలు.

చుక్కలు చూపించడం అంటే ఏమిటో మహేందర్‌కు ఆ క్షణాన తెలిసింది.

"అచ్చుతప్పయి ఉంటది..." అన్నాడు, ఏదో ఒకటి అనాలి గనక.

"చేత్తోని రాసినదాంట్ల అచ్చుతప్పేంది? పైగా గిది అచ్చు గూడ కాదు, హల్లు. హల్లుతప్పు." ఆమె నవ్వలేదు. "మన పెండ్లి పత్రిక యాదికున్నదా?"

ఆయనకు గుర్తుంది. 'అతిధులందరూ విచ్చేసి' అని తానే రాసిచ్చి, ప్రూఫు తానే చూసి, నాలుగు వందల కార్డులు తానే అచ్చు వేయించాడు.

"మా దిక్కు పంచేటి రెండు వందల కార్డులకు నేను, మా తమ్ముడు బాలమల్లు కూసుండి పెన్నుతోని చుక్కలు పెట్టినం. తాళి కట్టకముందే నీ తప్పులు దిద్దుడు షురూ జేసిన. పద్దెనిమిదేండ్లాయె. కిరాణా చిట్టీల గూడ నీ రాత నాకు ఎరుకే. లోకంల అందరు 'అతిధి' అని ఒకసారి తప్పు రాస్తరు, ఒకసారి ఒప్పు రాస్తరు. ఒక్కసారి గూడ ఒప్పు రాయనోడు నాకు తెలిసి ఒక్కడే ఉన్నడు."

ఒత్తక్షరం దగ్గర దొరికిపోయిన మనిషి ఒత్తిడి ఎలా ఉంటుందో చెప్పడానికి నా దగ్గర అక్షరాలు లేవు. మహేందర్ చాయ్ గ్లాసులోకి చూశాడు. సాలవ్వ పొయ్యి దగ్గర్నుంచి కేకేసింది.

"సారూ, చాయ్ సల్లగైతంది. మీ మొకం జూస్తే మీరే కాగుతున్నట్టున్నరు!"

"ఇగ తాగుతున్న అవ్వా," అని గ్లాసు ఎత్తి, తాగకుండానే దింపాడు. తర్వాత, కాగితం వైపు చూస్తూ, చాలా చిన్నగా అన్నాడు. "ఓర్వలేకపోయిన పద్మా."

"తెలుసు."

"నేను పద్దెనిమిదేండ్ల సంది దుప్పటి మోసుకొని తిరిగిన. ఊరూరు తిరిగిన. బిచ్కుంద దాక పోయిన, ఆడ సగం మంది మరాఠీ పిల్లలు, నా తెలుగే తెల్వది, అయినా చెప్పిన. నువ్వు బస్సుల కూసుండి నాలుగు నెలలు చదివినవ్. నాలుగు నెలలు! లోకమంత నీ ఇంటి ముంగట నిలవడ్డది."

"గా ఇల్లు నీది గాదా?"

ఆయన గ్లాసును బల్ల మీద ఇటు నుంచి అటు జరిపాడు.

"నువ్వు ఓర్వకుంటే నాకు బాధ లేదు. మనిషివి. కానీ నా రాత తప్పనిపిస్తే ఇంట్ల నాతోని చెప్పొద్దా? నేను రొట్టెలు చేస్తుంటే పక్కన నిలవడి 'పద్మా, గిది తప్పు రాసినవే' అంటే నేను వినకపోదునా? కవరు ముద్ర గూడ చూసిన, సదాశివనగర్ దాక పోయి డబ్బాకు చెప్పినవ్." ఆమె కాగితం కొసను వేలితో ఒత్తి సరిచేసింది. "పైగా తప్పు గూడ కాదాయె."

"ఎట్ల గాదు?" మహేందర్‌లోని లెక్చరర్ ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు. దొంగతనం ఒప్పుకున్నవాడు సామాను నాణ్యత మీద బేరం ఆడినట్టు అన్నాడు. "బిలం ముందు, గెలాక్సీ తర్వాతనా? ఎవరన్న నవ్వుతరు! గెలాక్సీల నడుమ ఉండే బిలం బరువు చుట్టున్న నక్షత్రాల బరువుల వెయ్యింట ఒక వంతు ఉంటది. నేను చదివిన ప్రతి పుస్తకంల గట్లనే ఉన్నది."

"మన దగ్గరి గెలాక్సీలల్ల గట్లనే ఉన్నది. నువ్వు చదివి ఎన్నేండ్లాయె?"

"ఇరవై..."

"గీ నాలుగేండ్ల సంది వెబ్ టెలిస్కోపు చాల దూరం చూస్తున్నది. దూరమంటే పాతకాలమే గదా, నువ్వే చెప్తవ్. విశ్వం పుట్టి డెబ్బై కోట్ల ఏండ్లు గూడ నిండనప్పటివి, జర అటిటుగ, ఎర్రగ, చిన్నగ, చుక్కల్లెక్క కనవడుతున్నయి. ఒకటి గాదు రెండు గాదు, వందలు. అండ్ల చానా వాటి నడుమ బిలాలే ఉన్నయని అనుకుంటున్నరు. ఒక దాన్ని పట్టి తూచిండ్రు. బిలం బరువు ఐదు కోట్ల సూర్యులంత. చుట్టున్న నక్షత్రాలన్ని కూడేస్తే దాంట్ల సగం గూడ లేవు."

"సగం గూడ లేవా?"

"లేవు. వెయ్యింట ఒక వంతు ఉండాల్సింది ఇంటి కంటే పెద్దగున్నది."

మహేందర్ నోరు తెరుచుకుంది. అందులో ఈగ దూరే ప్రమాదం ఉందని సాలవ్వ గమనించింది గానీ ఏమీ అనలేదు.

"కొలత తప్పయి ఉంటది," అన్నాడు, గొంతులో బలం లేకుండా.

"గదే కొట్లాట నడుస్తున్నది వాళ్లల్ల. అందరు ఒప్పుకోలే. అందుకే నేను 'బిలమే ముందు పుట్టి ఉండవచ్చు' అని రాసిన. నువ్వు ఉత్తరంల నా వాక్యం ఎత్తి రాసినవ్, గండ్ల 'ఉండవచ్చు' తీసేసినవ్. తెలుగు టీచర్‌ను, గది నాకు కనవడదా? 'థ' తప్పు తెల్వక జేసినవ్. గిది తెలిసి జేసినవ్."

ఇంతకు ముందు ఏడు చుక్కలకు ఎర్రబడిన ముఖం, ఈ మాటకు తెల్లబోయింది. రంధ్రాన్వేషణ అంటే తప్పులు వెతకడం. రంధ్రాల మీద అన్వేషణ చేసే మన ఫిజిక్స్ వాడు, భార్య వాక్యంలో రంధ్రం దొరక్క, తానే ఒకటి పొడిచాడన్నమాట.

"ఇంకొకటి గూడ చదివిన," అంది పద్మప్రియ, కాగితం మడుస్తూ. "కడుపు నిండిన బిలం ఊకుండదట. గాలి ఊదుతదట. ఇంట్ల ఉన్న గ్యాసంత బయటికి తోస్తదట. గ్యాసు లేకుంటే ఆ గెలాక్సీల ఇగ కొత్త నక్షత్రాలు పుట్టవట."

"గది నాకు గూడ తెలుసు."

"తెలిస్తే మంచిదే."

సాలవ్వ గ్లాసులు తీసుకుపోయింది. రోడ్డు మీద ఎల్లారెడ్డి బస్సు వెళ్లిపోయింది. అప్పుడు చెప్పింది ఆమె, అసలు సంగతి.

"లిదియా మేడం ఏమన్నదంటే, గీ ఆక్షేపణకు జవాబు దొరికితెనే పుస్తకం, లేకుంటే లేదు. పిల్లల చేతికి పొయ్యేటిది గదా, తప్పుంటే మాకు మాట వస్తది అన్నది. నేను జవాబు రాసిన. 'అడిగింది ఫిజిక్స్ ప్రశ్న, కాబట్టి ఫిజిక్స్ లెక్చరరే చెప్తడు, మా ఆయనను తీసుకొస్తున్న' అని."

మహేందర్ బెంచీ మీంచి లేచాడు. "నేను రాను!"

"సరే, రాకు. నేను ఇంకో బస్సెక్కుత, నువ్వు బండి తిప్పుకొని కామారెడ్డికి పో."

"పద్మా, నా ఉత్తరానికి నేను..."

"ఎవరు రాసిండ్రో నేను ఎవరికీ చెప్పలే, చెప్పను. నువ్వు నా కోసం అబద్ధం గూడ చెప్పకు. ఇప్పటికీ నేను రాసింది తప్పనిపిస్తే తప్పనే చెప్పు, పుస్తకం పోనీ. ఒప్పనిపిస్తే ఒప్పని చెప్పు. ఫిజిక్స్ సార్ నోట్లకెళ్లి రావాలె, ఇంటాయన నోట్లకెళ్లి గాదు."

ఆయన బండి స్టార్ట్ చేశాడు. ఎటు తిప్పుతాడోనని ఆమె ఒక్క క్షణం ఆగింది. ఎల్లారెడ్డి వైపే తిప్పాడు. ధైర్యం వచ్చి కాదు లెండి. తాను లేకపోతే ఆ సభలో భార్యకు ఎన్ని చప్పట్లు పడతాయో లెక్క తెలియకుండా పోతుందని.

బడి హాలు నిండిపోయింది. కింద ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆడపిల్లలు. ముందు వరసలో కుర్చీలు. హెడ్మాస్టరమ్మ అరుణజ్యోతి మైకు అందుకుని, "మన పద్మప్రియ మేడం గారి భర్త కూడా వచ్చినందుకు చాలా సంతోషం," అంది. పేరు చెప్పలేదు. మహేందర్ పళ్లు కొరికిన చప్పుడు పక్క కుర్చీకి వినపడింది.

ఆ పక్క కుర్చీలో ఉన్నది లిదియా. యాభై ఏళ్ల మనిషి, తెల్ల చీర, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు, ఒళ్లో ఫైలు. ఆమె పద్మప్రియ పాఠం చివరిదాకా వింది. పిల్లలు ముప్పావుగంట కదల్లేదు. దుప్పటీ లేదు, గుండూ లేదు, శనగలూ లేవు. ఒట్టి మాటలతో ఆ పిల్లలను కూర్చోబెట్టిన భార్యను చూస్తుంటే మహేందర్‌కు గర్వంగా ఉండాల్సిన చోట గరగరగా ఉంది.

తర్వాత లిదియా లేచి ఉత్తరం తీసింది.

"మాకు పేరు లేకుండా ఒక ఉత్తరం వచ్చింది. చదువుతాను వినండి. 'అయ్యా, సదరు పంతులమ్మకు సంధులు సమాసాలు తెలియును గాని సాపేక్షత తెలియదు. గెలాక్సీ కంటె ముందు కృష్ణబిలము పుట్టినదట! ఇల్లు కట్టకముందే కిరాయిదారు పెట్టె బేడా సర్దుకుని దిగినట్టున్నది.'"

పిల్లలు గొల్లున నవ్వారు. మహేందర్ మనసు నెమలిలా పురి విప్పింది. తన వాక్యం! ఇంతమంది నవ్విన తన వాక్యం! లేచి నమస్కారం పెట్టబోయి, పెట్టకూడదని గుర్తొచ్చి, కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"దీనికి జవాబు మహేందర్ సార్ చెబుతారు," అంది లిదియా, మైకు ఇస్తూ. "సార్, దాపరికం లేకుండా చెప్పండి. ఈ ఆక్షేపణ నిజమైతే మేం పుస్తకం వేయం."

మైకు చేతిలోకి వచ్చింది. ఒక్క మాట చాలు. 'నిజమే' అంటే చాలు. రేపటి నుంచి పద్మప్రియ మళ్లీ మహేందర్ సార్ ఇంటామె. మార్కెట్లో తన పేరు తనకు తిరిగి దొరుకుతుంది. భార్య వైపు చూశాడు. ఆమె ఆయన్ను చూడటం లేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఫలితాలు చదవబోతుంటే చివరి బెంచీలో కూర్చున్న పిల్లలా నేల చూస్తోంది. ఇంత భయపడటం ఆయన ఎన్నడూ చూడలేదు.

మహేందర్ గొంతు సవరించుకున్నాడు.

"పిల్లలూ, ఎవరన్న ఇల్లు కట్టాలంటే ముందు ఏం చేస్తరు?"

"ముగ్గు పోస్తరు!" "పునాది తీస్తరు!" "కొబ్బరికాయ కొడ్తరు!"

"దానికంటే ముందు?"

వెనక నుంచి సలోమి అనే తొమ్మిదో తరగతి పిల్ల లేచింది. "బోరు ఏపిస్తరు సార్! మా నాయిన గట్లనే చేసిండు. నీళ్లు పడకపోతే జాగనే అమ్ముతుండె!"

"శెభాష్!" మహేందర్ గొంతు హాలు పైకప్పుకు తగిలింది. "బోరంటే ఏంది? బిలం! ముందు బిలం, దాని చుట్టు ఇల్లు! గీ ఉత్తరం రాసినాయనకు కిరాయిదారు యాదికొచ్చిండు గానీ బోరు యాదికి రాలే!"

ఇక ఆయన ఆగలేదు. లింగంపేటలో విన్నదాన్ని తన ఇరవై ఏళ్ల కిందటి చదువుతో కలిపి దంచాడు. ఎర్ర చుక్కలు చెప్పాడు, ఐదు కోట్ల సూర్యుల బరువు చెప్పాడు, ఇంత తొందరగా అంత బరువు ఎట్లా పెరిగిందో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదని చెప్పాడు. "మేడం 'ఉండవచ్చు' అని రాసిండ్రు. సైన్సుల గా ఒక్క ముక్క చాలా పెద్ద ముక్క. గీ ఉత్తరపాయన దాన్ని మింగి, తేన్పు గూడ తియ్యలే. మింగుట్ల ఆయన కూడ కృష్ణబిలమే! ఆయన చదువుకున్నోడే. కానీ ఇరవై ఏండ్ల కింద మూసిన పుస్తకం మళ్ల తెరవలే. మేడం రాసింది సరిగ్గనే ఉన్నది."

హాలు దద్దరిల్లింది. చాన్నాళ్ల తర్వాత తన చెవిన పడ్డ చప్పట్లు! పద్మప్రియ తలెత్తింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. లిదియా ఫైలు మూసి, "నాకు జవాబు దొరికింది, పుస్తకం వేస్తున్నాం," అంది.

కథ ఇక్కడ ఆపితే అందరూ సుఖంగా ఇళ్లకు పోయేవారు. కానీ లిదియా కూర్చోలేదు.

"ఒక్క మాట సార్. రాసినాయన ఏం చదివాడో, ఎప్పుడు చదివాడో కూడా చెప్పారు. అంటే మీకు తెలిసినవాడే. ఎవరాయన?"

చప్పట్లు ఆగాయి. మహేందర్ మైకును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. అబద్ధం చెప్పవద్దంది భార్య. నిజం చెబితే రేపు కాలేజీలో ఎవరి మొహం చూడాలి? పిల్లలు ఒకరినొకరు చూసుకోవడం మొదలుపెట్టారు.

"నేనే రాశాను మేడం."

పద్మప్రియ లేచి నిలబడింది.

"మన పాత పండితులు ఏదైనా చెప్పేముందు, ఎదుటివాడు ఏమంటాడో తామే చెప్పి, తర్వాత దాన్ని ఖండించేవాళ్లు. పూర్వపక్షం అంటారు దాన్ని. రేపు పుస్తకం చదివి ఎవరైనా అడగబోయేది ముందే అడిగిద్దామని నేనే రాసి పంపాను. మీకు చెప్పకుండా చేసినందుకు క్షమించండి."

బతికించింది! ఎంత మనసు! ఇంటికి పోగానే కాళ్లు పట్టుకోవాలి అనుకున్నాడు మహేందర్. అలా అనుకోవడం పూర్తయ్యేలోగా లిదియా నవ్వుతూ చేతులు జోడించింది.

"అమ్మా, మీరు మామూలు మనిషి కాదు! మీ మీద మీరే ఎంత ఘాటుగా రాసుకున్నారు! సంధులు సమాసాలు తెలియును గాని సాపేక్షత తెలియదట! ఆ కిరాయిదారు వాక్యం చూడండి, పెట్టె బేడా సర్దుకుని దిగడం! ఇరవై ఏళ్లుగా పుస్తకాలు దిద్దుతున్నాను, ఇంత మంచి వాక్యం నాకు తగల్లేదు. మన పుస్తకం ఈ వాక్యంతోనే మొదలవుతుంది. మీ పేరుతో!"

అరుణజ్యోతి లేచి చప్పట్లు కొట్టింది. ఆమెను చూసి టీచర్లు లేచారు. వాళ్లను చూసి రెండు వందల మంది పిల్లలు లేచారు. ఇందాక మహేందర్‌కు పడ్డ చప్పట్లు వీటి ముందు వడగళ్ల పక్కన తుంపర. "పద్మప్రియ మేడం! పద్మప్రియ మేడం!" అని పిల్లలు అరుస్తున్నారు.

పుస్తకం తీసుకుంది. పేరు తీసుకుంది. చివరికి ఆయన చేసిన తప్పు కూడా, ఆ తప్పుకు రావలసిన మెప్పుతో సహా, తీసుకుంది. ఆరేళ్ల కింద కొరుకుడు పడని భాష ఇవ్వాళ లిదియాకు కమ్మగా నమిలేంత రుచిగా ఉంది, భార్య పేరు తగిలాక! మహేందర్ చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. పద్మప్రియ ఆయన వంక చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"కాదు!" అని అరిచాడు మహేందర్. "అది నా వాక్యం! నేను రాసిన! ఆ ఉత్తరం మొత్తం నేనే రాసిన!"

మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. బడి గేటు బయట, బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా తల తిప్పి చూశారు.